నాట్ల వ్యానులో నిద్ర

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే తుంగతుర్తిలో యాదయ్య వ్యాను కోడి కూతకంటే ముందే లేచేది. ఊరి ఆడవాళ్లను ఎక్కించుకుని, సూర్యాపేట దాటి, మిర్యాలగూడ అవతల కాలువ కింది పొలాల్లో దింపి రావాలి. యాదయ్య గొర్లు కాసిన ఇంట్లో పుట్టినవాడు. తండ్రి పోయాక మంద పోయింది, అతను స్టీరింగు పట్టాడు. అయినా మంద వెనక నడిచే నెమ్మది అతన్ని వదల్లేదు. గుంత కనబడితే చాలు, వెనక ఎవరి నిద్రా చెదరకుండా బండిని మెల్లగా దించి మెల్లగా ఎక్కించేవాడు.

ఆ నిద్రను అద్దంలో చూడడం అతనికి ఇష్టం. కొంగులు తల నిండా కప్పుకుని, ఒకరి భుజం మీద ఒకరు వాలి, అందరూ ఒకే అలలో ఊగేవారు. వాళ్లలో పెద్దావిడ ఉప్పలమ్మ. నడిమి సీటు మూల ఆమెది. మిర్యాలగూడ ముందర చాయ్ హోటల్ దగ్గర బండి ఆగగానే ముందు దిగేది ఆమే.

ఆ ఏడు చలి ముదిరే వేళకు బండి గొంతు మారింది. మొదట జలుబు చేసినట్టు బొంగురుపోయింది. తర్వాత ట్రాక్టరులా మోగడం మొదలుపెట్టింది. పెళ్లి కిరాయికి కోదాడ పోయినప్పుడు అక్కడొక మెకానిక్‌కు చూపించాడు. వెనక సైలెన్సర్ తుప్పు పట్టిందని అతను కొత్తది బిగించాడు. మోత తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది.

ఇంత మోతలోనూ ఆడవాళ్లు ఇదివరకటికంటే గాఢంగా నిద్రపోతున్నారు. చలికి కిటికీ అద్దాలన్నీ మూసుకునేవారు. సూర్యాపేట రాకముందే మాటలు ఆగిపోయేవి. దిగాక ఒకరు తల బరువుగా ఉందనేవారు, ఇంకొకరు ఏవేవో కలలొచ్చాయనేవారు. మంచులో వంగి నాట్లేస్తే తలనొప్పి మామూలేనని ఎవరూ పట్టించుకోలేదు. యాదయ్య పక్కనున్న అద్దం మాత్రం ఎప్పటినుంచో పైదాకా రాదు. ఆ సందులోంచి గాలి అతని చెవిని కోస్తూ ఉండేది.

ఒక ఉదయం రోడ్డుకు రెండు పక్కలా ఏమీ లేదు. పొలాలు, తాటిచెట్లు, ఊళ్లు అన్నీ తెల్లటి మంచులో కలిసిపోయాయి. లైట్ల వెలుగులో పొగమంచు కదులుతుంటే చిన్నప్పటి మంద ఎదురొస్తున్నట్టే ఉంది. తండ్రి గొంగడి కప్పుకుని ముందు నడుస్తున్నాడు. ఇంజను మోత ఎక్కడో దూరాన, మరెవరి బండిదో అయినట్టు వినిపిస్తోంది. యాదయ్య ఆ గొంగడి వెనకే పోతూ పోతూ, చాయ్ హోటల్ బల్బు పచ్చగా తేలి కనబడేసరికి బ్రేకు తొక్కాడు.

ఎవరూ దిగలేదు.

“చిన్నమ్మా, హోటలొచ్చింది, లెవ్వు” అన్నాడు వెనక్కి తిరిగి.

ఉప్పలమ్మ కదల్లేదు. అతను దిగి తలుపు లాగి భుజం పట్టి ఊపితే, కళ్లు సగం తెరిచి, “కాలువ నీళ్లు వెచ్చగున్నయి బిడ్డా” అని మళ్లీ వాలిపోయింది. ఆమె దుప్పటి పొగవాసన కొట్టింది. యాదయ్య తలుపులన్నీ తెరిచి కేకేశాడు. హోటల్లో ఉన్నవాళ్లు పరుగున వచ్చి అందరినీ బయటి గాలిలోకి దించారు. ఒకామె వాంతి చేసుకుంది. ఆటోల్లో దవాఖానకు తీసుకుపోతే, బండి పొగ ఊపిరిలోకి పోయిందని, ఇంకాసేపు ఆలస్యమైతే దక్కేవాళ్లు కాదని డాక్టరు చెప్పింది. ఆక్సిజన్ పెట్టాక మధ్యాహ్నానికి ఉప్పలమ్మ లేచి కూచుని చాయ్ అడిగింది.

వ్యానును తాడు కట్టి మిర్యాలగూడలో మెకానిక్ హరిలాల్ షెడ్డుకు లాక్కొచ్చారు. హరిలాల్ బండి పూర్తిగా చల్లారేదాకా ఆగాడు. తర్వాత వెనక పొగ గొట్టానికి మందంగా గుడ్డ అదిమి స్టార్ట్ చేయించాడు. గొట్టం బాగుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఇది ఆగలేదు. ముందు సీట్ల కిందినుంచి బుసలు కొట్టింది. హరిలాల్ కిందికి దూరి, అతుకుల మీద సబ్బునీళ్లు పూశాడు. యాదయ్య కూడా పక్కనే పడుకుని చూశాడు. ఇంజను దగ్గరి అతుకులోంచి బుడగలు పుట్టాయి. సాయంత్రపు ఎండకు రంగులు తిరుగుతూ ఒకదాని వెంట ఒకటి ఉబ్బి పగిలాయి. అంత అందంగా ఉన్నందుకే అతనికి భయం వేసింది.

పైపును పట్టి ఉంచే రబ్బరు తెగింది. పైపు వేలాడి ఊగి ఊగి, అతుకు దగ్గర పగిలింది. దానికి పైన, ఉప్పలమ్మ కాళ్ల కింది చాప ఎత్తితే, తుప్పు తిన్న రేకులో చెయ్యి పట్టేంత కంత ఉంది.

“మంచిగ నిద్రవోతున్నరనుకున్న హరిలాల్” అన్నాడు యాదయ్య.

మర్నాడు పైపు మార్చి, రబ్బరు వేసి, రేకు అతికించాక, బండి తోలమని హరిలాల్‌నే అడిగాడు యాదయ్య. తను ఉప్పలమ్మ మూలలో కూచుని అద్దాలన్నీ మూశాడు. ఊరు దాటి చాలా దూరం పోయారు. నీళ్లు నింపిన మళ్లలో ఆకాశం పరుచుకుని ఉంది. బండి మబ్బుల మీద పోతున్నట్టే ఉంది గానీ, యాదయ్య కళ్లు పెద్దవి చేసుకుని లోపలి గాలి వాసన చూసుకుంటూనే ఉన్నాడు. వెనక్కి తిరిగొచ్చేదాకా పొగ జాడ లేదు.

తెల్లవారి ఉప్పలమ్మ ఇంటికి పోయి గడప దగ్గరే నిలబడ్డాడు. ఇక తన బండి ఎక్కమని అడిగే మొహం లేదన్నాడు.

“నారు ముదురుతుంది. రేపు జర జల్ది రా” అందామె.

ఆ మర్నాడు అన్ని అద్దాలూ బెత్తెడు దించి ఉంచాడు. ఆడవాళ్లు చలికి తిట్టుకుంటూ దగ్గరగా జరిగి కూచున్నారు. ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో మాట లేచింది. ఉప్పలమ్మ ముందుకు వంగి, తప్పెవరిదో నువ్వు చెప్పమని యాదయ్యనే అడిగింది. సూర్యాపేట దాటినా ఆ తగువు తెగలేదు.