కారు ఓడుతోందా?

ఏళ్ల తరబడి కదలని నా ఆటోమేటిక్ గేరు కారును ఈ ఉదయం, నేను కాపురముంటున్న ఈ తమిళ ఊళ్లోని తట్టాంచావడి పేట మెకానిక్ మునుసామి పరీక్షించాడు. అది నడవకపోతే అమ్మేయాలని మా మరిది పట్టు. ఇంజను స్టార్టయింది కానీ, గేరు వేసినా చక్రాలు కదలలేదు.

"బండి ఓడదమ్మా" అన్నాడు మునుసామి.

గేరు నూనె కారడం లేదని సంబరపడి, "అయితే రేపు నేనే నడుపుతాను" అన్నాను.

"ఏందమ్మా, ఓడని బండిని ఎట్ట నడిపేది? సీలు ఎండి గేరు నూనంతా కారిపోతాంది!"

తమిళం కలిసిన అతని తెలుగులో ఓడటమంటే పరుగెత్తడమనీ, నా యానాం తెలుగులో కారడమనీ తేలేసరికి తల తిరిగింది. నా కారు ఓడుతున్నందువల్లనే ఓడదట!

సాయంత్రం, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి మునుసామిలాగే మాట్లాడే మరిది వచ్చి అడిగాడు: "బండి ఓడతాందా వదినా?"

"చక్కగా ఓడుతోంది" అన్నాను.

ఇది అబద్ధమవుతుందా? నాకు తేలడం లేదు, మీరే చెప్పండి.