కాఫీ పొడి డబ్బాలో సాక్ష్యం

మా చెల్లెలి కాపురాన్ని నేను సైన్సు సాయంతో కూల్చాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో మదనపల్లెలో జువాలజీ లెక్చరర్ని. డీఎన్ఏ గురించి నోరు తెరిస్తే మూయడం నాకే చేతనయ్యేది కాదు. అప్పుడే కుప్పంలో హార్డ్‌వేర్ కొట్టున్న మా బావ మునిరత్నం, పుట్టిన బిడ్డ తనది కాదంటూ మా చెల్లెలు సరళను పుంగనూరులోని మా ఇంటికి పంపేశాడు. బిడ్డకు తండ్రి పేరు నిలిస్తే చాలని ఆమె ఏడ్చేది.

కుప్పంలో పెద్దమనుషులు కూర్చున్నారు. నేను నిలబడి పాఠం మొదలుపెట్టాను. బిడ్డ డీఎన్ఏ ముద్రలోని గీతల్లో తల్లివి పోగా మిగిలినవి తండ్రి ముద్రలో కనబడి తీరాలని చెప్పాను. పెద్దల ఒత్తిడికి బావ రక్తమివ్వడానికి ఒప్పుకున్నాడు. అంత శ్రమ దేనికి, వెంట్రుక చాలని ఆపింది నేనే. ఆయన చిరాకుగా నెత్తిమీది వెంట్రుకలు నాలుగు పీకి నా ముందు పడేశాడు.

"వెంట్రుక కావాల్నంటివే, తీసుకోప్పా."

"శాంపిల్ అట్ల తీయకూడదు బావా. దానికొక పద్ధతి ఉండాది," అన్నాను, మహా గొప్పగా.

ఆ పద్ధతి ఏమిటో వినండి. ఆయన వెళ్లే క్షవరం షాపులో కాపు కాసి, కత్తిరించిన జుట్టు ఏరుకున్నాను. బిడ్డ పుట్టువెంట్రుకలు తీసేది మేనమామ ఒడిలోనే కదా, గుండు గీస్తుంటే దేవుడికి చెందాల్సిన వాటిలో ఒక కుచ్చు కొట్టేశాను. సరళ జడ కొస కూడా కత్తిరించాను. అన్నిటినీ షాంపూతో కడిగి, ఆరబెట్టి, కాఫీ పొడి డబ్బాలో హైదరాబాదు ల్యాబుకు మోసుకెళ్లాను.

అక్కడి మేడమ్ భూతద్దంలో చూసి, "కుదుళ్లేవండీ?" అంది. తండ్రిని తేల్చే డీఎన్ఏ వెంట్రుక కుదురులో దొరుకుతుంది. పీకితే వస్తుంది, గీస్తే రాదు. ఈ ముక్క నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! కోర్టు ద్వారా రక్తం పంపించమని డబ్బా నా చేతికిచ్చేసింది.

రక్తం అడగడానికి మళ్లీ కుప్పం పరుగెత్తాను. మునిరత్నం ఈసారి కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

"అడిగినది ఇస్తిని గదప్పా. నీ సైన్సు గూడా నా బిడ్డేనని చెప్పలే. ఇంక రక్తం యాల?"

ఇంకా రక్తం ఎందుకన్నది పెద్దమనుషులకు సబబుగానే తోచింది. కోర్టుకు పోదామని ఇంటికొచ్చి ఎగిరాను. సరళ బిడ్డకు అన్నం తినిపిస్తూ తలెత్తలేదు.

"వద్దులే అన్నా. బిడ్డ ఎవురిదో ఆయప్పకు తెలీకనా? వదిలేసేదానికి సాకు దొరక్క గమ్మునుండాడు. నువ్వు ఎతికి ఇచ్చినావు."

ఆ ఏడే ఆయన రెండో పెళ్లి చేసుకున్నాడు.

అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎవరి కాపురం నిలబెట్టడానికీ ఈ జన్మలో సైన్సును పిలవను. పాఠం మాత్రం చెప్పక తప్పదు, జీతమిస్తారు. ఈ ఏడు మా మేనల్లుడు నా క్లాసులోనే చేరాడు. ముందు బెంచీలో, అచ్చం మునిరత్నం ముఖంతో కూర్చుంటాడు. డీఎన్ఏ పాఠమంతా నేను బోర్డు వైపు తిరిగే చెప్పాను.