షామీర్‌పేట చెరువు కాడ సప్పుడు బంద్

ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో నా బల్ల ఎందుకు ఖాళీగా ఉందని అందరూ అడుగుతున్నారు. నేను మిలిటరీలో చేరిపోయానని కూడా ఎవడో పుకారు పుట్టించాడు. అదేం లేదు. ముందు చాయ్ చెప్పండి, చెప్తాను. మధ్యలో ఎవరైనా నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను.

మీకేం నాయనా! లెక్కల్లో రీసెర్చ్ చేసేవాడికి ఒక పెన్సిలు, ఒక కిటికీ ఉంటే చాలు. సంగీతం మీద చేసేవాడు తంబూరా ముందేసుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్లే భక్తిగా చాయ్ తెచ్చిస్తారు. నా ఖర్మ కాలి నేను చప్పుడు మీద పడ్డాను. నీళ్ల మీదుగా చప్పుడు ఎంత వేగంగా పోతుంది, పొద్దున చల్లగాలిలో ఎలా పోతుంది, ఎండెక్కాక ఎలా పోతుంది, ఇదీ నా థీసిస్. వినడానికి బాగానే ఉంటుంది. చేయాలంటే పెద్ద చెరువు కావాలి, గాలి కదలని పొద్దు కావాలి, ఆ చివర ఒక గట్టి చప్పుడు కావాలి. పుస్తకాల్లో అయితే ఫిరంగి పేలుస్తారు. ఈ యుద్ధం రోజుల్లో నాకు ఫిరంగి ఎవడిస్తాడు? పోనీ తుపాకీ అన్నా ఇప్పించండని అడిగితే, ప్రొఫెసర్ గారు నన్ను ఎగాదిగా చూసి, డాక్టరేట్ జైల్లో తీసుకుంటావా అన్నారు.

నా స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది సాగాలంటే ఆయన సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నారు. కాగితం మీద నీ లెక్కలు చాలా చూశాను, ఒక్క రీడింగ్ నా కళ్ల ముందు తీసి చూపించు, అప్పుడు చూద్దాం అన్నారు. ఆదివారం పొద్దున్నే షామీర్‌పేట చెరువు దగ్గరికి తనే కారులో వస్తానన్నారు. పెట్రోలు కోసం జనం చేతులు కట్టుకుని నిలబడుతున్న రోజుల్లో ఆయన కారు బయటికి తీస్తున్నారంటే అర్థం చేసుకోండి. రీడింగ్ వస్తే ఏడాది గడుస్తుంది. రాకపోతే సామాను సర్దుకుని మా నాయిన దగ్గరికి పోయి, ఇన్నాళ్లూ ఏం చదివావురా అంటే నేల చూపులు చూడాలి.

సరే, స్టాప్ వాచీ, థర్మామీటర్లూ, ఒక దుర్భిణీ మూటగట్టుకుని రైల్లో మేడ్చల్‌లో దిగాను. అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద షామీర్‌పేట. దారి పొడుగునా థర్మామీటర్లను పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకున్నాను. ఊళ్లో ఖాసిం సాబ్ అని, మక్కజొన్నల వ్యాపారం చేసే పెద్దమనిషి, తన ముందు గది ఇచ్చారు. రాత్రి అన్నం దగ్గర నా బాధంతా ఆయనకు వెళ్లబోసుకుంటుంటే నాకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. ఫిరంగి లేకపోతేనేం, డప్పు ఉంది కదా!

ఊరి డప్పు ఎల్లయ్యది. పటేలు ఏ కబురు చెప్పమంటే ఆ కబురు వాడవాడా తిరిగి డప్పు కొట్టి చాటడం అతని పని. అతను గట్టిగా కొడితే పక్క ఊరు అలియాబాద్ దాకా వినిపిస్తుందని ఖాసిం సాబ్ చెప్పారు. నాకు కావలసింది అదే కదా. ఎల్లయ్యను పిలిపించి పని చెప్పాను. నువ్వు అవతలి ఒడ్డున నిలబడాలి, నీ ముంజేతికి తెల్లగుడ్డ కడతాను, నేను ఇవతల కట్ట మీద నుంచి రుమాలు ఊపగానే ఒక్క దెబ్బ కొట్టు, చాలు. గుడ్డ కిందికి దిగడం దుర్భిణీలో కనిపించగానే నేను వాచీ నొక్కుతాను, చప్పుడు చెవిలో పడగానే ఆపుతాను. ఎల్లయ్య అంతా విని, కొట్టినంక ఏం చాటాలె సారూ అని అడిగాడు. ఏమీ చాటక్కర్లేదు, కొడితే చాలు అన్నాను. అతని మొహంలో కొంచెం అనుమానం కనిపించింది కానీ నేను పట్టించుకోలేదు.

శనివారం పొద్దున రిహార్సల్. చెరువు అద్దంలా ఉంది. ఆకు కదలడం లేదు. నేను రుమాలు ఊపాను, తెల్లగుడ్డ దిగింది, చప్పుడు నీళ్ల మీదుగా ఎంత చక్కగా వచ్చిందంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో దెబ్బ ఇంకా బాగా వచ్చింది. మూడో దెబ్బకు రుమాలు ఎత్తబోతుంటే వెనకాల ఏదో సందడి.

తిరిగి చూద్దును కదా, కట్ట మీద ఊరు ఊరంతా ఉంది. పారలు భుజానేసుకున్న మగవాళ్లు, గంపలెత్తుకున్న ఆడవాళ్లు, వాళ్ల వెనక కుక్కలు. ఇంకా వస్తూనే ఉన్నారు. విషయం ఏమిటంటే, ఎండాకాలం చెరువు వైపు నుంచి డప్పు మోగిందంటే ఆ ఊళ్లో ఒకటే అర్థమట. తూము ఎత్తుతున్నారు, నీళ్లు వదులుతున్నారు, జల్దీ పోయి మీ మడికి మళ్లించుకోండి అని. అలియాబాద్ వాళ్లు కూడా పరుగున వచ్చేశారు. ఒకాయన అప్పటికే కాలువకు గండి కొట్టి వచ్చాడు. నీళ్లు లేవు, తూము లేదు, చప్పుడు వేగం కొలుస్తున్నాను అని చెప్పాను. సప్పుడు చెవులకొచ్చింది గద, ఇగ కొలిచేదేంది అన్నాడు ఆ గండి కొట్టినాయన. దానికి జవాబు నా థీసిస్‌లో కూడా లేదు.

ఇంతలో పటేలు వచ్చాడు. పెద్ద తలపాగా, చేతిలో కర్ర. ఎల్లయ్యను కూడా ఎవరో పిలుచుకొచ్చారు. పటేలు సంగతంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"గిట్ల ఉత్తగ కొడితే ఎట్ల సారూ? రేపు నిజంగ కట్ట తెగితది, ఎల్లయ్య కొడ్తడు, సారు ఏదో కొలుస్తున్నడని ఎవ్వలు రారు. డప్పు మోగినంక ఏదో ఒకటి చాటాలె. ఏం చాటాల్నో మీరే చెప్పుండ్రి."

న్యాయమైన మాటే. జనమంతా నా నోటి వంక చూస్తున్నారు. నాకు మాత్రం ఒకటే గుబులు: రేపు ప్రొఫెసర్ గారు వచ్చేసరికి వీళ్లంతా ఇలాగే వచ్చి గోల చేస్తే నా గతేంటి? అందుకని, ఏదో పెద్ద తెలివిగా, అయితే ఇదే చాటించండి, రేపు పొద్దున చెరువు దగ్గర ఎవ్వరూ చప్పుడు చేయకూడదని, అన్నాను.

పటేలుకు ఈ మాట మస్తుగా నచ్చింది. తన తరఫున ఒక ముక్క కలిపాడు కూడా. ఆ రోజంతా ఎల్లయ్య రెండూళ్లలో వాడవాడా తిరిగి, రేపు పొద్దుగాల చెరువు కాడ ఎవ్వలు సప్పుడు చేయొద్దు, చేసినోళ్లు చావడి ముంగట నిలబడాలె, పటేలు హుకుం అని చాటాడు. నేను ఖాసిం సాబ్ అరుగు మీద కూర్చుని అది వింటూ, చూశారా, ఉపాయం అంటే ఇదీ అన్నాను. ఆయన మర్యాదస్తుడు, నాకు ఇంకో చాయ్ తెప్పించారు.

ఆదివారం. ప్రొఫెసర్ గారి కారు వచ్చింది. ఆయన కట్ట ఎక్కి, ఒక్క క్షణం ఆగిపోయారు. కట్ట పొడుగునా ఆ చివర నుంచి ఈ చివర దాకా జనం. చప్పుడు చేయకూడదని హుకుం అయిందంటే చెరువు దగ్గర ఏదో జరగబోతోందన్నమాటే కదా, చూడ్డానికి రాకుండా ఎవరుంటారు? అందరూ కూర్చున్నారు. ఒక్కరు నోరు విప్పడం లేదు. తల్లులు పిల్లల కాళ్ల పట్టీలు విప్పి కొంగులో మూట కట్టుకున్నారు. ఒకాయన మేకను కూడా తెచ్చి దాని మూతి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఈ నిశ్శబ్దం చూసి నా గుండె ఉప్పొంగిపోయింది. ఇలాంటి రీడింగ్ లండన్‌లో కూడా దొరకదు అనుకున్నాను.

స్టాప్ వాచీ, దుర్భిణీ ప్రొఫెసర్ గారే తీసుకున్నారు. నేను రుమాలు ఊపాను. అవతల తెల్లగుడ్డ పైకి లేచింది, కిందికి దిగింది. ప్రొఫెసర్ గారు టక్కున వాచీ నొక్కారు. ఇద్దరం చెవులు రిక్కించాం.

ఏమీ రాలేదు.

కొంచెం ఆగాం. చెరువు మరీ అంత పెద్దదేం కాదు. ప్రొఫెసర్ గారు వాచీ చూశారు, నన్ను చూశారు. మళ్లీ రుమాలు ఊపాను. మళ్లీ గుడ్డ చక్కగా లేచింది, చక్కగా దిగింది, చప్పుడు లేదు. అప్పటికి నాకు వెలిగింది. ఎల్లయ్య చేయి దించుతున్నాడు కానీ డప్పును ముట్టడం లేదు.

నేను నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఎల్లయ్యా కొట్టు అని గావుకేక పెట్టాను. అంతే, కట్టంతా నా మీదికి తిరిగి ఉష్ అంది. పటేలు లేచి వచ్చి నా చెవిలో, చదువుకున్నోళ్లు మీరే గిట్ల జేస్తే ఎట్ల సారూ అన్నాడు. ప్రొఫెసర్ గారి ముందు, నా ప్రయోగంలో, నన్నే చావడి ముందు నిలబెట్టేలా ఉన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇక లాభం లేదని చెరువు చుట్టూ పరుగెత్తాను. నేను మళ్లీ ఎక్కడ అరుస్తానో అని పటేలు నా వెనకే వచ్చాడు. ఒగర్చుకుంటూ అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎల్లయ్య డప్పు గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. ఎందుకు కొట్టలేదయ్యా అని అడిగాను. అడగడం కూడా గుసగుసగానే, పటేలు పక్కనే ఉన్నాడు మరి.

"సప్పుడు చేయొద్దని నిన్న రెండూళ్లల్ల నేనే చాటిన సారూ. గిప్పుడు నేనే కొడితే నా మాటకు ఇజ్జత్ ఏముంటది? మీరు చెయ్యి దించమన్నరు, దించిన."

పటేలా, మీరే చెప్పండి, హుకుం వెనక్కి తీసుకోండి అని బతిమాలాను. సరే, తీసుకున్న, కొట్టు అన్నాడు పటేలు. ఎల్లయ్య తల అడ్డంగా ఊపాడు. చాటిన హుకుం నోటిమాటతో పోదట, వాపస్ తీసుకున్నామని మళ్లీ చాటాలట. చాటు మరి అన్నాడు పటేలు. చాటాలంటే ముందు డప్పు కొట్టాలి కదా అన్నాడు ఎల్లయ్య. డప్పు కొట్టాలంటే హుకుం వాపస్ కావాలి. హుకుం వాపస్ కావాలంటే డప్పు కొట్టాలి. పటేలు కర్ర నేలకు ఆనించి ఆలోచనలో పడ్డాడు. నేను నేల మీద కూలబడ్డాను. యూనివర్సిటీలో ఇన్నాళ్లు లాజిక్ చదివాను, దీన్ని విప్పే దారి నాకు తెలియలేదు.

చివరికి పటేలే ఒక దారి కనిపెట్టాడు. హుకుం పొద్దుగాలకే కదా, పొద్దెక్కితే దానంతట అదే పోతుంది అన్నాడు. అయితే పొద్దు ఎక్కిందా లేదా అని ఇద్దరికీ మళ్లీ చర్చ. అదీ గుసగుసల్లోనే. నా చల్లగాలి పోయింది, ఎండ చురుక్కుమంటోంది, చెరువు మీద అలలు లేస్తున్నాయి, అవతల కట్ట మీద ప్రొఫెసర్ గారు గొడుగు విప్పుకుని చిన్న చుక్కలా కనిపిస్తున్నారు. మా ముగ్గురి నీడలు బాగా పొట్టివయ్యాక ఎల్లయ్య సరేనన్నాడు. అప్పుడు కొట్టాడు చూడండి, రెండు రోజుల కసంతా తీరేలా!

మళ్లీ చెరువు చుట్టూ తిరిగి ప్రొఫెసర్ గారి దగ్గరికి వచ్చాను. ఆయన వాచీని మొదటిసారి గుడ్డ దిగినప్పుడు నొక్కారు, డప్పు వినిపించాక ఆపారు. పద్ధతి ప్రకారం చేసే మనిషి. వాచీ నా చేతిలో పెట్టి, "నీ రీడింగ్ వచ్చింది. షామీర్‌పేటలో చప్పుడు కంటే ఎడ్లబండి ముందు చేరుతుంది," అన్నారు.

నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన నా వైపు చూడడం లేదు. కట్ట వైపు చూస్తున్నారు. జనం ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు, మేకతో సహా. ఎవరో వచ్చి చెప్పేదాకా లేవరు. ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా సర్వీసంతా పాఠాలు చెప్పాను, ఒక్క క్లాసునైనా ఇంతసేపు ఇట్లా కూర్చోబెట్టలేకపోయాను, నువ్వు పొరపాటున ఫిజిక్స్‌లోకి వచ్చావు అన్నారు. వేళాకోళం అనుకున్నాను. కాదు. సోమవారం ఆయనే స్వయంగా ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కు పోయి నా గురించి ఏం చెప్పారో ఏమో, వాళ్లు పొంగిపోయి నన్ను తీసుకున్నారు. స్కాలర్‌షిప్ మీద సంతకం అయింది. థీసిస్ మాత్రం మారింది: తరగతి గదిలో నిశ్శబ్దం సాధించే పద్ధతులు.

నిన్న ఒక బడికి తీసుకెళ్లి నన్ను పిల్లల ముందు నిలబెట్టారు. గొంతు సవరించుకుని, సైలెన్స్ అన్నాను. ఒక్కడూ వినలేదు. మళ్లీ అన్నాను. బల్ల చరిచాను. తర్వాత ఏం అన్నానో నాకే గుర్తులేదు. కాసేపటికి పక్క క్లాసు పంతులుగారు తలుపు దగ్గరికి వచ్చి, పిల్లల గోల ఎట్లాగో ఓర్చుకుంటాం గానీ, మీరొక్కరు కొంచెం గొంతు తగ్గిస్తారా సార్ అన్నారు.