బాణం చెరిగిన రాయి

వీధిలో పిల్లలు ఆమెను రాళ్ళత్త అంటారు. అలా పిలవకూడదని పెద్దవాళ్ళు మొదట్లో మందలించేవారు గాని, ఆమే నవ్వి, "పిలవనివ్వండి, నా కడుపు నిండేది రాళ్ళతోనేగా" అనడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆమె భర్త నడిపే బస్సు కండక్టరు కూడా, "అన్నా, రాళ్ళత్త ఇంకా రాలేదు, ఒక్క నిమిషం ఆగు" అంటాడు. డ్రైవరు పెళ్ళాం కోసం బస్సు ఆగిందని ఎవరూ విసుక్కోరు. ఆమె ఎక్కగానే ముసలివాళ్ళకు చేయందించి, సంచులు అందుకుని, సీటు చూపించి, తను నిలబడే వస్తుంది మరి.

ఆమె పని రాళ్ళు కోయడం. ఇంటి గచ్చులకూ గుమ్మాలకూ కాదు, పరిశోధన కోసం. భూమి పుట్టుపూర్వాలు చదివేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రాళ్ళు తెస్తారు. వాటిని వెలుతురు దూరేంత పలుచగా కోసి, అద్దం మీద అతికించి ఇవ్వాలి. లేదంటే వేలెడంత కడ్డీలుగా తీసి పక్క గదికి పంపాలి. పరిశోధనశాల మేడ వెనక ఒక పొడవాటి గది ఆమెది. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. గోడవారన మూడు రంపాలు. పళ్ళెమంత చక్రం అంచున వజ్రపు నలుసులు పొదిగి ఉంటాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ సన్నటి గొట్టంలోంచి దాని మీద నీళ్ళు పడుతూ ఉండాలి. రబ్బరు బూట్లు, మోకాళ్ళు దాటే ఏప్రాను వేసుకుని ఆమె రంపం ముందు నిలబడితే, చక్రం చప్పుడును బట్టే రాయి లోపల పగులుందో లేదో తెలిసిపోతుంది.

ఆ విద్య తండ్రి దగ్గర అబ్బింది. ఆయనకు గచ్చు రాళ్ళకు మెరుగు పెట్టే చిన్న కొట్టు ఉండేది. బడి వదలగానే ఆమె అక్కడికే వెళ్ళేది. "రాయిని తొందరపెట్టకమ్మా, అది నీకంటే పెద్దది" అనేవాడాయన. పదో తరగతితో చదువాగిపోయినా ఆ మాట ఆగలేదు. ఉదయం రంపం మీట నొక్కేముందు ఆమె చక్రానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంటుంది. ఏ దేవుడికని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చేసే పనిలో దేవుడుంటాడని నమ్మేవాళ్ళకు ఆ ప్రశ్నే రాదు.

ఆ గదిలో ఒక కట్టడి ఉంది. బయటి నుంచి వచ్చే ప్రతి రాయి మీదా ఒక బాణం గుర్తు ఉంటుంది. కొండ మీద ఆ రాయి ఎలా ఉండేదో, దాని తల ఎటో చెప్పే గుర్తు. దర్జీ కత్తెర పెట్టేముందు బట్టకు పైవైపు ఏదో చూసుకున్నట్టు, ఆమె కోసే ప్రతిసారీ ఆ బాణాన్ని ముందుగా పక్క ముఖం మీదికి గీస్తుంది. ఒక ముక్క రెండైతే రెండింటి మీదా బాణం ఉండాలి. దీన్ని ఆ గదిలో 'బాణం దాటించడం' అంటారు. ఇన్నేళ్ళలో ఆమె చేతి నుంచి తల తెలియని రాయి ఒక్కటీ బయటికి పోలేదు. ఆమె గర్వమంతా అదే. గర్వం మంచిది కాదంటారు గాని, ఈ ఒక్కటీ ఆమెకు ఉండనిద్దాం.

ఆ ఏడు ధ్రువం దగ్గరి కొండల నుంచి నల్లరాళ్ళు వచ్చాయి. తెచ్చింది మేడమ్. ఆవిడ పేరు తలుపు మీద పెద్దగా రాసి ఉన్నా అందరూ అలాగే పిలుస్తారు. రాళ్ళత్త కంటే చిన్నది. చలికి బుగ్గలు పొలుసులు రేగి వచ్చింది. వస్తూ వస్తూ రాళ్ళతో పాటు చేతులకు రాసుకునే క్రీము డబ్బా ఒకటి తెచ్చి, "అక్కా, ఇది మంచులో పనిచేసేవాళ్ళు వాడేది. నీళ్ళలో నానే నీ చేతులకీ పనికొస్తుంది" అని ఇచ్చింది. అంత దూరాన, అంత చలిలో తన చేతుల పగుళ్ళు ఈవిడకు గుర్తొచ్చాయా అని రాళ్ళత్త ఆ పూటంతా మురిసిపోయింది.

ఆ కొండల కథ మేడమ్ ఓసారి టీ తాగుతూ చెప్పింది. కోట్ల ఏళ్ళ కిందట అక్కడ నేల నెర్రెలు విచ్చి లావా పొంగింది. పొంగి, పారి, చల్లారి, నల్లరాయి అయింది. దాని మీద మళ్ళీ పొంగింది. మడతపెట్టిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కొండంతా పొరలే. ఆ పొరలు ఇప్పటికీ ఒరగకుండా, పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి.

"అసలు సంగతి ఇనుప రవ్వల్లో ఉందక్కా," అంది మేడమ్. "లావా చల్లారేటప్పుడు అందులోని సన్న రవ్వలు ఆ కాలపు భూమి అయస్కాంతం ఎటు లాగితే అటు తిరిగి బిగుసుకుపోయాయి. ఆ నేల అప్పుడూ ధ్రువం దగ్గరే ఉండేది. అక్కడ దిక్సూచి ముల్లు దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. నేలలోకైనా చూడాలి, ఆకాశంలోకైనా చూడాలి. కింది పొరలన్నీ ఒకే మాట చెప్పాయి. పైపొర కూడా అదే అంటుందో, ఈలోగా భూమి అయస్కాంతం తిరగబడిందో తేలాలి. మూడేళ్ళుగా నా ప్రాణమంతా దాని మీదే ఉంది."

పైపొర నుంచి వచ్చింది ఒక్కటే రాయి. పుచ్చకాయంత ఉంటుంది. తీస్తుండగా గాలి లేచింది, చలికి కెమెరా మూగబోయింది, హెలికాప్టరువాడు రమ్మని కేకలేశాడు. చేతికందిన ఆ ఒక్క రాయికే గబగబా బాణం గీసి సంచిలో వేసుకుని పరుగెత్తారు. ఆ కొండకు మళ్ళీ ఎవరినీ పంపేది లేదని పైవాళ్ళు అప్పటికే చెప్పేశారు.

పొరపాటు ఆ రాయి దగ్గరే జరిగింది.

ధ్రువపు రాళ్ళకు ఉప్పు పడుతుంది. దానితో కోస్తే చక్రం మొండిబారుతుంది కాబట్టి రాళ్ళత్త వాటిని ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెడుతుంది. ఆ రాయికి ఒక పక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద నల్లటి బాణం దిట్టంగా కనిపిస్తోంది. 'ఈ సిరా నీళ్ళకు పోయేది కాదు, నానాక దాటిస్తాలే' అనుకుంది. ఆమె అనుకున్నట్టే సిరా పోలేదు. సిరా కింది తెలుపే రాయి కాదు. ఏళ్ళ తరబడి చలిగాలికి పేరుకున్న ఉప్పు పొర అది. టీ తాగి వచ్చేసరికి రాయి నల్లగా, నున్నగా ఉంది. బాణం పెచ్చులు పెచ్చులుగా తొట్టి అడుగున పడి ఉంది.

ఆమె చేతులు తుడుచుకుని నేరుగా మేడమ్ గదికి వెళ్ళింది.

"మేడమ్, పైపొర రాయికి బాణం పోయింది. దాటించకుండా నానబెట్టాను. తప్పు నాది."

మేడమ్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఏ పక్క గీశానక్కా నేను? తెల్లటి పక్కనా?"

"అవును."

"అయితే తప్పు నాది. ఉప్పు మీద గీశాను. చాకుతో గీకి, రాయి కనిపించాక గీయాలి. ఆ పరుగులో గీకలేదు."

"మీరెక్కడ గీసినా నేను దాటించాలి కదా!"

"నువ్వెంత దాటించినా నేను రాయి మీద గీయాలి కదా!"

పక్క గదిలోంచి అయస్కాంతం సారు తల బయట పెట్టాడు. రాళ్ళలోని అయస్కాంతాన్ని కొలిచే యంత్రం ఆయనది. ఆయన హాస్యమాడినా ఆ యంత్రంలాగే మొహం మారదు. "మీరిద్దరూ తప్పు పంచుకునేలోపు రాయికి ముసలితనం వచ్చేస్తుంది," అన్నాడు. విషయం విన్నాక మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తల తెలియకపోతే నేనేం చెయ్యలేనమ్మా. కొలిస్తే అంకె వస్తుంది. అది నేలలోకా, ఆకాశంలోకా అంటే ఏం చెప్పను?"

మేడమ్ తలెత్తింది. "బుడగలు," అంది.

లావాలో గాలి బుడగలుంటాయి. అది గడ్డకట్టాక వాటిలోకి వేడి నీళ్ళు ఊరి, ఆ నీళ్ళలోని తెల్లటి ఖనిజం అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొన్ని బుడగలు నిండా నిండిపోతాయి. కొన్ని సగంలో ఆగిపోతాయి. అలా ఆగినవాటిలో ఆ తెలుపు, సగం గ్లాసులో నీళ్ళలాగా, ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. తెలుపున్న వైపు అడుగు, బోలుగా ఉన్న వైపు పైన.

"మా నాన్న కొట్లో రసమట్టం ఉండేది. గచ్చు సమంగా ఉందో లేదో దాంతోనే చూసేవాడు," అంది రాళ్ళత్త. "రాయి లోపల దేవుడు అదే పెట్టాడన్నమాట."

"పెట్టి ఉంటే! పైన బుడగల్ని గాలి తొలిచేసింది. లోపల సగం నిండినవి ఉన్నాయో లేదో కోస్తే గాని తెలీదు. కోతలు ఎక్కువైతే సారుకు కడ్డీలు తీయడానికి రాయి మిగలదు."

"రేపు పొద్దున కోస్తాను," అంది రాళ్ళత్త. "ఈ పూట నా చెయ్యి కోపంగా ఉంది."

ఇంట్లో అత్తగారు సంగతంతా విని బుగ్గ నొక్కుకుంది. "నిన్న నా చేతిలోంచి గిన్నె జారితే 'చూసి పట్టుకోవాలత్తయ్యా' అని నీతులు చెప్పావు. నువ్వేమో ఏకంగా కొండకి తల లేకుండా చేసొచ్చావా?"

"మీరు కూడా అనండి, తక్కువైంది."

"అనకేం చేస్తాను? కోడల్ని అనే అవకాశం నాకు రోజూ దొరుకుతుందా?" అంటూనే ఆ పెద్దావిడ క్రీము డబ్బా తెచ్చి, కోడలి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలికీ రాసింది. "ఈ చేతులకి పొరపాటు కొత్త. అందుకే అంత బాధ. ఇంట్లో నా చేతులు చూడు, ఎంత నిశ్చింతగా ఉన్నాయో!" డ్రైవరు పక్కుమన్నాడు. రాళ్ళత్తకూ నవ్వాగలేదు. నవ్వాక ఆకలేసింది. తిని, దణ్ణం పెట్టుకుని, పెందలాడే పడుకుంది.

మర్నాడు రంపం ముందు ముగ్గురూ చేరారు. రాయిని రెండు చేతులతో తిప్పి తిప్పి చూసి, కడ్డీలకు పనికిరాని ఒక మూల ఎంచుకుందామె. చక్రం మెల్లగా దిగింది. బూడిదరంగు నీళ్ళు చేతుల మీదుగా కారాయి. ముక్క విడిపోగానే కడిగి చూశారు. బుడగలున్నాయి. అన్నీ నిండా తెల్లగా, కంటి గుడ్లలాగా నిండిపోయి ఉన్నాయి. మట్టం లేదు.

మేడమ్ పెదవి కొరుక్కుంది. రాళ్ళత్త దాని పక్కనే ఇంకో పలుచటి పొర తీసింది. ఈసారి ఒక్క బుడగ సగం నిండి కనిపించింది. గింజంత బుడగ. తెలుపు మీద గీత గీసినట్టు మట్టం, పైన బోలు, ఆ బోలులో మెరిసే నలుసులు.

"దొరికింది!" అంది మేడమ్. "చాలక్కా. ఇక ఆపేద్దాం. ఇంకో కోత పడితే కడ్డీలకు రాయి చాలదేమో."

రాళ్ళత్త ఆ బుడగను వంగి చూసింది. "చాలదు మేడమ్. ఇది ఒక్కటే సాక్షి. రాయి కదిలినప్పుడు ఏ పక్క గోడ పెచ్చో ఊడి ఇలా పడిందేమో, ఎలా చెప్తాం? పైగా ఒక ముఖం మీద ఒక గీతే దొరికింది. బల్ల సమంగా ఉందో లేదో ఒక వైపే మట్టం పెట్టి చూస్తామా? అడ్డంగా కూడా పెట్టాలి. ఈ గీతకి అడ్డంగా కోస్తాను."

"మిగలకపోతే?"

"మిగిలేలాగే కోస్తాను."

ఆ మాట పెద్దగా అనలేదామె. కూర ఎప్పుడవుతుందని అడిగితే చెప్పినట్టు మామూలుగా అంది. మేడమ్ సారు వైపు చూసింది. సారు మిగిలిన రాయి మీద కొలబద్ద పెట్టి చూశాడు. "చక్రం వెంట్రుకవాసి ఇటు జరగకపోతే నాకు చాలు," అన్నాడు. "కోయమ్మా," అంది మేడమ్.

ఆమె రాయిని బిగించింది. విప్పి, మళ్ళీ బిగించింది. చక్రాన్ని తాకి కళ్ళకద్దుకుంది. కోత సాగుతున్నంతసేపూ గదిలో చక్రం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మధ్యలో ఒకచోట ఆ చప్పుడు సన్నబడింది. బోలు తగిలిందని ఆమె చేతులకు తెలిసింది. తొందరపడలేదు. ముక్క చేతిలోకి వచ్చాక నీళ్ళ కింద పెట్టి, బొటనవేలితో బురద తుడిచింది.

ఆ ముఖం నిండా సగం నిండిన బుడగలు. పెద్దవి, చిన్నవి, కోలగా సాగినవి. ప్రతిదానిలోనూ తెలుపు ఒకే వాలున ఆగి ఉంది. వరస కట్టిన గిన్నెల్లో ఒకే చెయ్యి పాలు పోసినట్టు. ముందు దొరికిన గింజంత బుడగకూ వీటికీ ఎక్కడా పేచీ లేదు.

"ఎంత కాలం ఆగారమ్మా మీరు, మేం అడగాలని," అంది రాళ్ళత్త బుడగలతో. మేడమ్ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. సారు అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

రెండు ముఖాల మీది గీతల్నీ కలిపి రాయిని మట్టంగా నిలబెట్టారు. రాళ్ళత్త ఉక్కు మొనతో దాని మీద బాణం చెక్కింది. మళ్ళీ నీళ్ళకూ ఉప్పుకూ చిక్కకుండా లోతుగా. ఆ తర్వాత మిగిలిన రాయిలోంచి కడ్డీలు తీసి, ఒక్కోదానికీ బాణం దాటించి, పళ్ళెంలో పేర్చి సారు చేతికిచ్చింది.

ఆయన కొలతలకు మరో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ రాళ్ళత్త వేరే రాళ్ళు కోస్తూనే ఉంది. మధ్యలో వచ్చి కూర్చున్న మేడమ్‌కు టీ పోసి ఇస్తూ, "తిరగబడినా, పడకపోయినా, అది చెప్పే మాట నిజమే అవుతుంది మేడమ్. తల మాత్రం సరిగ్గా పెట్టాం," అంది.

మూడో రోజు సారు స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ గడప దాటి తడి నేల మీద అడుగుపెట్టని మనిషి, బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా రంపం దాకా నడిచి వచ్చాడు.

"అన్ని కడ్డీలూ ఆకాశంలోకే చూస్తున్నాయి," అన్నాడు. "ఒక్కటీ వేరే మాట అనలేదు. కింది పొరలేమో నేలలోకి. ఆ రెండింటి మధ్యలో ఎక్కడో భూమి అయస్కాంతం తిరగబడింది."

మేడమ్ వచ్చి రాళ్ళత్తను తడి ఏప్రానుతో సహా గట్టిగా వాటేసుకుంది.

"బట్టలు పాడవుతాయి మేడమ్," అంది రాళ్ళత్త. అంటూనే ఖాళీగా ఉన్న చేత్తో రంపం మీట కట్టేసింది.