పెద్దమ్మ నిప్పు వెలిగించని పదకొండు రోజులు

మా భవనంలో కింద నాలుగు దుకాణాలు, పైన మూడు అంతస్తుల్లో ఇళ్లు. మూడో అంతస్తులో ఒక పక్కన పసిపిల్లల బడి, మా పాప కూడా అక్కడే. ఇంతమందికీ కలిపి ఒకటే మెట్ల దారి. ఆ మెట్ల కింద, మంచం పట్టేంత చోటులో, ఇస్త్రీ పెద్దమ్మ. ముప్పై ఏళ్లుగా ఆవిడ బల్లా, బొగ్గుల పెట్టే అక్కడే. ఆవిడకి కోపం ముక్కు మీద ఉంటుంది. మడత సరిగ్గా లేదని ఎవరైనా అంటే, "నీ మొహం కంటే బాగానే ఉంది, తీసుకుపో" అంటుంది. అయినా పక్క వీధుల వాళ్లు కూడా బట్టలు ఆవిడకే తెచ్చి ఇచ్చేవారు.

నిరుడు కింద ఖాళీ అయిన దుకాణంలో సోఫాలు చేసే ఆయన దిగాడు. మంచి మాటకారి. లోపల చెక్కలకీ స్పాంజికీ చోటు చాలక, జిగురు డబ్బాలు తెచ్చి మెట్ల పక్కన పేర్చడం మొదలుపెట్టాడు. మొదట నాలుగే, నెల తిరిగేసరికి నలభై. మూత తీస్తే తల తిరిగే వాసన. మేం ముక్కు మూసుకుని ఎక్కేవాళ్లం, అంతే.

పెద్దమ్మ ఒక్కతే ఊరుకోలేదు.

"ఆ జిగురు ఆవిరి కంటికి కనబడదు నాయనా. నేలబారుగా పాకుతుంది. నిప్పెక్కడుంటే అక్కడికి పోతుంది. మా ఆయన రంగుల ఫ్యాక్టరీలో చేశాడు, ఒకరోజు ఒళ్లు కాలి ఇంటికొచ్చాడు. ముందు వీటిని తియ్యి ఇక్కణ్ణుంచి."

సోఫాల ఆయన నవ్వాడు. "నిప్పు పెట్టుకుని కూర్చుంది నువ్వు. డబ్బాలు తియ్యాల్సింది నేనా?"

ఆ మాట భవనం ఓనరుకి నచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ నచ్చింది. బొగ్గులు ఎర్రగా కళ్లెదుట కనిపిస్తాయి, డబ్బాలో ఉన్నది కనిపించదు. పెద్దమ్మని నెలాఖరుకల్లా ఖాళీ చేయించమని పై ఇళ్లవాళ్లంతా ఓనరుకి కాగితం రాస్తే, నేనూ సంతకం గీకేశాను.

ఆ సంగతి తెలిసిన పొద్దున పెద్దమ్మ బొగ్గులన్నీ రోడ్డు మీదకి తీసుకెళ్లి కుమ్మరించి, బకెట్టు నీళ్లు పోసింది. ఖాళీ పెట్టె బల్ల మీద పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చుంది.

"మరి నా చొక్కాలు?" అన్నాను.

"చెయ్యను. డబ్బాలు ఉన్నన్నాళ్లూ ఇక్కడ నిప్పు వెలగదు. అలాగని నేను కదలను కూడా."

సోఫాల ఆయన సంబరపడ్డాడు. "నిప్పే లేకపోతే ఇంకేం, గొడవ తీరిపోయిందిగా!"

"పైన ఇంటికో పొయ్యి ఉంది. నీ దగ్గరికొచ్చే వాళ్ల నోట్లో సిగరెట్లున్నాయి. వాళ్లనీ ఖాళీ చేయిస్తావా?" అంది పెద్దమ్మ.

పది రోజులు మా భవనంలో అందరివీ నలిగిన బట్టలే. ఆఫీసులో మా మేనేజరు "రాత్రంతా బస్సులో పడుకొచ్చారా?" అని అడిగాడు. ఇంట్లో నేనే చేద్దామని కూర్చుని కాలరు మాడ్చాను. పక్క వీధి ఇస్త్రీ ఆయన దగ్గరికెళితే, "పెద్దమ్మ వద్దన్న బట్టలు నేను ముట్టను" అని మూట తిప్పి పంపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్న చోటు కోసం అంత మొండితనమేమిటనుకున్నాను.

పదకొండో రోజు బడి టీచరు పిల్లల దుప్పట్లు పట్టుకుని బతిమాలడానికి దిగింది. పెద్దమ్మ ఆవిణ్ణి ఒకటే అడిగింది.

"ఏమన్నా అయితే పిల్లల్ని ఎంతసేపట్లో కిందికి దింపుతావమ్మా?"

"రెండు నిమిషాలు చాలు."

"ఏదీ, దింపు చూద్దాం."

టీచరుకి పౌరుషం వచ్చింది. పైకెళ్లి గంట కొట్టింది. పందొమ్మిది మంది, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, రైలాటలా దిగారు. చివరి మెట్ల దాకా బాగానే వచ్చారు. అక్కడ డబ్బాల పక్కన ఒక్కొక్కరు పక్కకి తిరిగి నడిచేంత సందే ఉంది. ముందున్న పిల్ల జారింది. పైనున్న డబ్బా ఊగింది. పిల్ల భయపడి అక్కడే కూర్చుండిపోయింది, వెనకవాళ్లు వచ్చి మీద పడ్డారు, ఏడుపులు మొదలయ్యాయి. నలిగిన చొక్కాతో ఆఫీసుకి బయల్దేరిన నేను పైమెట్టు మీద ఆగిపోయాను. ఆ గుంపు మధ్యలో మా పాప నన్ను చూసి చేతులు చాపింది. నేను దాన్ని అందుకోలేకపోయాను.

సోఫాల ఆయనే డబ్బాల మీదుగా వంగి, పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఎత్తి అవతల దించాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. మధ్యాహ్నానికి ఆయనే వ్యాను తెచ్చి డబ్బాలన్నీ ఊరి బయట షెడ్డుకి తరలించాడు.

సాయంత్రం ఓనరు పెద్దమ్మ దగ్గరికొచ్చాడు. వెనకే మేమూ. "ఇక వెలిగించుకో. ఈ చోటు నీదే, ఎవరూ కదపరు."

పెద్దమ్మ లేచి బల్ల ఎత్తుకుంది.

"ఈ మెట్ల కింద నా నిప్పు కూడా వద్దు. ఆ సోఫాల ఆయన అన్నదాంట్లో అదొక్కటే నిజం. మీరు పొమ్మంటే పోలేదు, ఇప్పుడు నా అంతట నేను పోతున్నా."

గేటు పక్కన, నీడ లేని చోట బల్ల వేసింది. ముప్పై ఏళ్లు ఎండ ఎరగని మనిషి, ఇప్పుడు తలకి తువ్వాలు చుట్టుకుని అక్కడే బొగ్గులు రాజేస్తోంది. మెట్ల దారిలో చీపురు కూడా పెట్టనివ్వదు. మొన్న ఓనరు ఒక పాత కుర్చీ తెచ్చి అక్కడ పెట్టబోతే, గేటు దగ్గర్నుంచే అరిచింది. ఆయన కుర్చీ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు.