ఇటుకపొడి మాట

నా డైరీల్లో ఆదివారం పేజీలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ‘బామ్మర్ది వచ్చాడు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. సాయంత్రం బస్సుకు వెళ్ళాడు.’ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రాస్తున్నాను. వాన పడిందీ లేనిదీ, కుళాయి వచ్చిందీ లేనిదీ, ఇంటికి ఎవరు వచ్చిందీ రాశాను. రొట్టెల దగ్గర ఏం మాట్లాడుకున్నామో మాత్రం ఎక్కడా రాయలేదు. రాయదగ్గ సంగతి అనిపించలేదు. ఈమధ్య పాత డైరీలు దించి వెతికాను. ఆ మాటలు ఒక్కటీ లేవు.

బామ్మర్ది అంటే నా భార్యకు తమ్ముడు. బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే చిన్న షెడ్డు ఉంది అతనికి. కర్నూల్లో మా ఇంటికి ఆదివారం బస్సులో వచ్చేవాడు. చొక్కా మడతల్లో, చెవుల వెనక తెల్లటి బండల దుమ్ము ఉండేది. కాళ్ళు కడుక్కుని కూర్చుని, రొట్టె తుంచి, ఎర్రటి కారంలో అద్ది, నోట్లో పెట్టుకోకముందే మొదలుపెట్టేవాడు.

“ఏం బావా, ఈ తూరి ఇటుకలు యాడివి? శానా మెత్తగా దంచినారే!”

“మీ బేతంచెర్ల బండల దుమ్ము అయిపోయిందప్పా. ఇటుకతో సరిపెట్టుకుంటిమి.”

“మా దుమ్ము మీకు అరుగుతాదా? దానికి కడుపు గట్టిదుండల్ల.”

“తినేదానికీ అదే నోరు, అనేదానికీ అదే నోరు. ఏదో ఒగటి చెయ్యి” అని వాళ్ళక్క ఇంకో రొట్టె విసిరినట్టు వేసేది. అతను మూడు వేయించుకుని నాలుగోది అడిగేవాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఎగతాళి అది. మాటలు కొంచెం మారేవి గానీ ఇటుక మాత్రం మారలేదు. బావా బామ్మర్దులు ఒకరినొకరు అనుకోకపోతే ఏదో తేడా వచ్చిందని మా వైపు చుట్టాలు అడుగుతారు.

మా అమ్మాయి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆ ఉద్యోగం మానేసి, వాళ్ళమ్మ చేసే కారాలూ పొడులూ ఫోన్‌లో పేజీ పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. మొదట చుట్టాలు కొన్నారు. తర్వాత ముక్కూ మొహం తెలియని వాళ్ళు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి తెప్పించుకున్నారు. లైసెన్సు తీసుకుంది. ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ వెల్లుల్లి వాసనే.

ఒకరోజు ఆర్డర్లు ఆగిపోయాయి. పేజీలో ఎవరో చెడ్డగా రాశారని, దాన్ని ఫోటో తీసి ఆడవాళ్ళ గ్రూపుల్లో తిప్పుతున్నారని అమ్మాయి చెప్పింది. ఏం రాశారమ్మా అంటే, “నీకెందుకులే నాన్నా, బీపీ పెరుగుతాది” అంది. ఆహార భద్రత వాళ్ళు వచ్చి సీసాల్లో నమూనాలు పట్టుకుపోయారు. పనికి వచ్చే ఆడవాళ్ళలో ఒకామె మానేసింది. అమ్మాయి వకీలు దగ్గరికి వెళ్ళింది. వ్యాపారం మీద అబద్ధపు నింద వేస్తే పరువునష్టం కిందికి వస్తుందని, రాసినవాడు తన పేరు పెట్టకపోయినా నంబరును బట్టి పోలీసులు పట్టుకుంటారని, ముందు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమని ఆయన చెప్పాడట. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. పొద్దున్నే లేచి ఫోన్ చూసి, ఒక్క ఆర్డరూ లేక, దాన్ని బోర్లా పెట్టేది. అది చూడలేక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం బామ్మర్ది నాకు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

“బావా, నన్ను స్టేషన్‌కు రమ్మంటాండారు. నీకు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉండారా?”

“ఏం చేసినావప్పా?”

“ఏం చెయ్యలే. ఏదో కారం మీద కేసంట.”

“ఏ కారం?”

వెనక రాయి కోసే మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

“మన కారమే బావా.”

ఆ రాత ఏమిటో నేను చూసింది అప్పుడే. ‘దీంట్లో మిరపకాయ తక్కువ, ఇటుకపొడి ఎక్కువ. తినీ తినీ మా బావ కడుపు బండయింది. కొనేవాళ్ళు జాగర్త.’ పైన పేరు లేదు. ఫోన్ కొన్నచోట కుర్రాడు ఖాతా పేరుగా పెట్టిచ్చిన ఏవో నాలుగు అక్షరాలు, పక్కన ఒక అంకె. మొదటి రోజే నాకు చూపించి ఉంటే ఎవరు రాశారో ఒక్క క్షణంలో చెప్పేవాణ్ణి. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా ఆ కంగారులో అమ్మాయికి తట్టలేదట. కానీ గ్రూపుల్లో చదివిన వాళ్ళు అతను రొట్టె నమలడం చూసినవాళ్ళు కాదు కదా. కారంలో నిజంగానే ఇటుకపొడి కలిపేవాళ్ళు లోకంలో ఉన్నారు. వాళ్ళకు భయం వేసింది. అది వాళ్ళ తప్పు కాదు.

“మీ పేజీలో రాస్తే మీ ఇంటికే వస్తాదనుకుంటి” అన్నాడు మా వరండాలో నిలబడి. ఆరోజు లోపలికి రాలేదు.

అమ్మాయి ఏడ్చింది. “మామా, నువ్వు ఈడికొచ్చి ఏమన్నా అను. ఊరంతా చదివేకాడ ఎట్లా రాస్తివి?” అంది. ఫిర్యాదు మర్నాడే వెనక్కి తీసుకుంది. అయినా కొన్నవాళ్ళకు నమ్మకం తిరిగి రావాలంటే రాసినవాడే తప్పు ఒప్పుకోవాలని, అది పేజీలో పెట్టాలని వకీలు పట్టుబట్టాడు. నాకూ సబబే అనిపించింది. ఆయన తయారుచేసిన కాగితం అమ్మాయి వాళ్ళ మామకు చదివి వినిపించింది. నిరాధారమైన ఆరోపణ చేసినందుకు చింతిస్తున్నానని, ఇకమీదట సదరు ఉత్పత్తుల గురించి రాతపూర్వకంగా గానీ మౌఖికంగా గానీ ఎలాంటి వ్యాఖ్యా చేయనని ఉంది అందులో.

“మౌఖికంగా అంటే ఏందమ్మా?”

“నోటితో, మామా.”

“ఓహో” అన్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని సంతకం పెట్టాడు. బండ మీద సుద్దతో కొలత గీసినంత జాగ్రత్తగా పెట్టాడు.

నమూనాల్లో ఏ దోషమూ లేదని తేలింది. క్షమాపణ పేజీలో చూసి మెల్లగా జనం తిరిగి వచ్చారు. మానేసిన ఆమె కూడా మళ్ళీ పనికి వస్తోంది. అమ్మాయి ఫోన్ మోగినప్పుడల్లా మేము ఊపిరి పీల్చుకుంటున్నాం. అన్నీ సర్దుకున్నాయి అనాలి.

బామ్మర్ది ఆదివారాలు రావడం మానలేదు. అంతకుముందు లాగే కాళ్ళు కడుక్కుంటాడు. రొట్టె తుంచుతాడు, కారంలో అద్దుతాడు, తింటాడు. మొదటి వారం నేను ఎదురుచూశాను. అతను వానల గురించి మాట్లాడాడు. రెండోసారి నేనే కదిలించాను. “ఏమప్పా, మీ బండలు ఈమధ్య అప్పడాల్లాగ ఇరుగుతాండాయంట గదా?” నవ్వాడు. “ఒక్కోతూరి అట్లనే వస్తాది బావా” అన్నాడు. అదేనా జవాబు! ఇంకో వారం కరెంటు కోతల గురించి, లారీ కిరాయిల గురించి చెప్పాడు. బ్యాంకులో పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినట్టుంది.

అమ్మాయికీ అర్థమైంది. “మామా, ఆ కాగితం పేజీ కోసమే. ఇంట్లో నీ ఇష్టం, ఏమన్నా అను” అంది.

“సంతకం పెట్టినా గదమ్మా” అన్నాడు. అందులో వెటకారం ఉందేమోనని మొహం చూశాను. లేదు. షెడ్డులో నోటిమాట మీద లారీ బండలు పంపే మనిషి. అలాంటివాడు సంతకం కూడా పెట్టాక ఏం చేస్తాడు?

పోయిన ఆదివారం మిరపకాయలు కొత్తవి, కారం మరీ ఎర్రగా వచ్చింది. చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య రుద్దాడు. రాయి గుణం చూసేటప్పుడు పొడిని అలాగే రుద్దుతాడు. అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకున్నాను. వేళ్ళు దులుపుకుని రొట్టె తుంచాడు.

అప్పుడు నా భార్య, ఇన్నేళ్ళు ఆ మాట పడ్డ మనిషి, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అడిగింది.

“ఏమప్పా, ఇటుకపొడి సాలిందా? ఇంగ రొంత ఎయ్యల్నా?”

అతనికి పొలమారింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా దగ్గాడు, నవ్వాడు. చెంబెడు నీళ్ళు తాగి నా వైపు వేలు చూపించాడు.

“ఆ మాట నేననలేదు బావా. డైరీలో రాసుకో. రేపు సాక్ష్యానికి పనికొస్తాది.”

రెండో రొట్టెతో లేచి చెయ్యి కడుక్కున్నాడు. బస్టాండు దాకా నేనూ వెళ్ళాను. దారి పొడుగునా కావాలని రెండు మూడుసార్లు కారం ఊసు తెచ్చాను. ప్రతిసారీ వినీ విననట్టు వేరే సంగతికి వెళ్ళిపోయాడు. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక చెయ్యి ఊపాడు. చెవి వెనక దుమ్ము అలాగే ఉంది.

ఇంటికి వచ్చి అతను చెప్పినట్టే రాశాను. బామ్మర్ది వచ్చాడు, జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, ఇటుకపొడి మాట వాళ్ళక్క అంది, అతను అనలేదు. ఆ మాట అతని నోటి నుంచి మళ్ళీ వింటే, ఈసారి పొల్లుపోకుండా రాసుకుంటాను.