కోత బల్ల మీది ఫ్యాను

గాలిని వడకట్టే ఫిల్టర్లు చేసే ఆ కంపెనీలో ఫిట్టరును అందరూ ‘దారం’ అని పిలుస్తారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నూలుపోగు ఉంటుంది. ఫిల్టరు బిగించి గాలి వదిలాక ఆ పోగును ఫ్రేము అంచుల వెంట నడిపిస్తాడు. పోగు ఎక్కడ వణికితే అక్కడ గాలి తప్పించుకుపోతున్నట్టు. ఆసుపత్రులకు వెళ్లే ప్రతి పెట్టే అతని పోగు దాటాకే లారీ ఎక్కుతుంది.

ఫిల్టర్లలో వాడే గాజునార షీట్లను వెనక షెడ్డులో ఆడవాళ్లు కోస్తారు. వాళ్లకు పెద్ద దిక్కు దారం భార్యకు అక్క. అతనికి ఈ పని ఇప్పించింది ఆ వదినే. కోత బల్ల మీద ఫ్యాను పెట్టె ఒకటి వేలాడుతుంటుంది. ఫ్యాను దుమ్మును లాగితే, ఫిల్టరు దాన్ని పట్టుకుని మంచి గాలిని మళ్లీ వాళ్ల మీదికే వదలాలి.

వేసవి మొదట్లో ఓ పెద్ద ఆర్డరుకు ఫిల్టరొకటి తగ్గింది.

“కోత బల్లది పీకి ఇచ్చెయ్. తర్వాత కొత్తది వేద్దాంలే. ఫ్యాను మాత్రం ఆపకు, చప్పుడు లేకపోతే అడుగుతారు,” అన్నాడు యజమాని.

దారం పీకాడు. ఫ్యాను ఆపలేదు. ఎన్ని కొత్త ఫిల్టర్లు తయారైనా అన్నీ లారీ ఎక్కాయి. ఫ్యాను లాగిన గాజుపొడిని లాగినట్టే ఆడవాళ్ల మొహాన కొడుతోంది. ఎండలకు ఆ గాలి హాయిగా ఉందని వదిన తన స్టూలును ఇంకా దగ్గరికి జరుపుకుంది.

ఊళ్లోవాళ్ల ఊపిరికి కాపలా కాసే కంపెనీకి తన పనివాళ్ల ఊపిరి పట్టలేదు. యజమానిని తిట్టుకోవడం తేలికే. పీకిన చేతులు మాత్రం దారానివి.

వదినకు దగ్గు పట్టుకుంది. అడగకుండానే దారం మందు సీసా తెచ్చిచ్చేవాడు.

“మా మరిదికి నామీద ప్రేమ పొంగుకొస్తోందే!” అంది వదిన ఓ రాత్రి వాళ్లింట్లో భోజనాల దగ్గర.

“నాకు జ్వరమొస్తే మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు,” అంది భార్య.

ఇద్దరూ నవ్వారు. అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. అంతలో వదినే అంది: “రేపట్నుంచి చెల్లిని కూడా పనిలోకి తీసుకెళ్తా మరిదీ. సరిగ్గా ఫ్యాను కిందే కూచోబెడతాలే.”

“వద్దొదినా.” కంచం పక్కకు జరిపాడు. “అందులో ఫిల్టరు లేదు. నేనే పీకేశా.”

వదినకు దగ్గు తెర ముంచుకొచ్చింది. అది ఆగాక అంది:

“ఇన్నాళ్లూ నేను దగ్గుతుంటే వినపడలేదా? నీ పెళ్లాం కూచుంటుందనగానే నోరొచ్చిందా?”



మర్నాడు షెడ్డులో వదిన ఫ్యాను ఆపేసింది. ఆడవాళ్లంతా కత్తులు బల్ల మీద పెట్టి బయట నిలబడ్డారు. లారీకి ఆలస్యమవుతోందని యజమాని అరిచాడు. “ఆగమనండి,” అంది వదిన. దారం లారీలోంచి ఒక ఫిల్టరు దించుకొచ్చాడు. యజమాని చూస్తుండగానే బిగించి, ఫ్యాను వేసి, జేబులోంచి పోగు తీశాడు.

వదిన చెయ్యి చాచింది. “ఇటివ్వు. నువ్వు బాగుందంటే నమ్మే రోజులు పోయాయి.”

స్టూలెక్కి తనే ఫ్రేము చుట్టూ పోగు నడిపింది. మధ్యలో దగ్గొచ్చి చెయ్యి ఊగితే ఆగి, మళ్లీ మొదట్నుంచి చూసింది. ఆ పోగు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. రోజూ పొద్దున ఆమె చూశాకే కోత మొదలవుతుంది. అంతవరకు దారం స్టూలు పట్టుకుని నిలబడతాడు.